ఆ నీలం రంగు జాక్ ఉన్న పెట్టెను పారేయకండి

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. శ్రీరామనవమి పందిళ్లలో, ఊరి సంబరాల్లో ఆయన చెప్పిన కథలు పద్నాలుగు క్యాసెట్లలో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఎన్నాళ్లనుంచో కోరిక. మా అబ్బాయి చదువుకని 2005లో కొన్న పెంటియం 4 కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. ఈమధ్య నెమ్మదిగా ఉందంటే ఒక కుర్రాడు వచ్చి ఫార్మాట్ చేసి, ఎక్స్‌పీ తీసేసి విండోస్ 7 వేశాడు. అప్పట్నుంచి సౌండ్ లేదు. కింద స్పీకర్ బొమ్మ మీద ఎర్రటి ఇంటూ గుర్తు పడుతోంది. తేదీ కూడా ప్రతిసారీ వెనక్కి పోతోంది. మా మనవడు చూసి ‘మల్టీమీడియా ఆడియో కంట్రోలర్’ అని పసుపు గుర్తుతో ఉందన్నాడు. సౌండ్ కార్డు పోయింది, బోర్డు మార్చాలి, అంతకంటే కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోండి అంటున్నారు. స్పీకర్లు బాగానే ఉన్నాయి, ఫోనుకి పెడితే మోగుతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: టీచరు గారూ, మీ సౌండ్ కార్డు పోలేదనే నా నమ్మకం. ఆ మాట ఊరికే ధైర్యానికి చెప్పడం లేదు. మీ మనవడు చూసి చెప్పిన ఒక్క ముక్కలోనే సగం జవాబు ఉంది. కార్డు పూర్తిగా చచ్చిపోతే, లేదా బయోస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే, బోర్డు సెట్టింగులు ఉండే చోటు) ఆపేసి ఉంటే, డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌లోని పరికరాలన్నిటినీ చూపే విండోస్ జాబితా) చాలావరకు దాని ఊసే ఉండదు. పసుపు గుర్తుతో అయినా పేరు కనబడుతోందంటే వాకిట్లో ఎవరో వచ్చి నిలబడ్డారని విండోస్‌కి తెలిసింది. వచ్చినవాళ్లది ఏ భాషో దానికి తెలియదు, అందుకని లోపలికి పిలవలేదు. ఆ భాష నేర్పేదే డ్రైవర్. మీకు పోయింది అదే.

ఎందుకు పోయిందో చెబుతాను. తెలిస్తే ఇంకెవరైనా వచ్చి బోర్డు మార్చాలన్నా మీరు కంగారు పడరు. మదర్‌బోర్డు మీదే సౌండ్ ఉండేలా ఇంటెల్ 1997లో ఒక పద్ధతి తెచ్చింది, దాని పేరు ఎసి 97. 2004లో దాని స్థానంలో హై డెఫినిషన్ ఆడియో అని ఇంకో పద్ధతి తెచ్చింది. అయితే 2005లో మన ఊళ్లలో అమ్మిన పెంటియం 4 బోర్డుల్లో చాలావాటికి పాత ఎసి 97 సౌండే ఉండేది. విండోస్ 7 వచ్చింది 2009లో. అది కొత్త పద్ధతి బోర్డులకు తనంతట తానే ఒక మామూలు డ్రైవర్ వేసుకుని శబ్దం ఇస్తుంది. ఎసి 97 బోర్డులకు అలా ఇవ్వదు, మనమే తెచ్చి వేయాలి. మీ ఎక్స్‌పీలో సౌండ్ రావడానికి కారణం, 2005లో మీకు కంప్యూటర్ అమ్మినవాళ్లు బోర్డుతో వచ్చిన సీడీ పెట్టి డ్రైవర్ వేసి ఇవ్వడం. ఫార్మాట్ చేసిన రోజున అది కూడా తుడిచిపెట్టుకుపోయింది. కుర్రాడి తప్పని అనను. ఈ కాలం కంప్యూటర్లలో డ్రైవర్లు వాటంతట అవే పడిపోతాయి కాబట్టి ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

ఇక ల్యాప్‌టాప్ కొనమన్న సలహా. మీ అవసరానికి అది తప్పు సలహా, ఈ ఒక్క విషయం గట్టిగానే చెబుతాను. మీ కంప్యూటర్ వెనక వైపు చూడండి. వరసగా మూడు చిన్న గుండ్రటి రంధ్రాలుంటాయి, ఆకుపచ్చ, గులాబీ, నీలం. ఆకుపచ్చ స్పీకర్లకి, గులాబీ మైకుకి. నీలం రంగుదాన్ని లైన్ ఇన్ అంటారు. టేప్ రికార్డర్‌లాంటి వాటి నుంచి శబ్దాన్ని నేరుగా, రెండు చానెళ్లలో, సరైన మోతాదులో తీసుకోవడానికే అది ఉంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో మామూలుగా ఉండేది హెడ్‌సెట్ కోసం పెట్టిన ఒకే ఒక్క రంధ్రం. అందులో లోపలికి వెళ్లేది మైకు గొంతు మాత్రమే, అదీ ఒక్క చానెలే. టేప్ రికార్డర్‌ని దానికి కలిపితే మీ నాన్నగారు గొంతు ఎత్తి పద్యం అందుకున్నప్పుడల్లా బరబరమని పగిలిపోతుంది. క్యాసెట్లు ఎక్కించే పనికి ఇరవై ఏళ్ల నాటి మీ పెట్టే చక్కటి సాధనం. ఆ నీలం జాక్ కోసమైనా దాన్ని బాగుచేసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు తేదీ సంగతి చూడండి. తేదీ వెనక్కి పోతోందంటే బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సిఆర్ 2032, 3 వోల్టులది. గడియారాలు బాగుచేసే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. కరెంటు వైరు పూర్తిగా పీకేసి, పాతదాని పక్కనున్న చిన్న క్లిప్పును వేలితో నొక్కితే అది పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. ఇది అయిపోయినప్పుడు పోయేది తేదీ ఒక్కటే కాదు, బయోస్‌లో పెట్టిన సెట్టింగులు కూడా పోతాయి. అందుకని బ్యాటరీ మార్చాక ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి తేదీ సరిచేయండి. ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్ లాంటి పేరున్న పేజీలో ఎసి 97 ఆడియో అన్న వరస ఉంటే ఆటో అనో ఎనేబుల్డ్ అనో ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు మీ మనవడిని పక్కన కూర్చోబెట్టుకోండి. డివైస్ మేనేజర్‌లో ఆ పసుపు గుర్తున్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, మొదటి పేజీలోనే డ్రైవర్లు వేయలేదని, పక్కన కోడ్ 28 అని ఉంటుంది. ఆ 28 కనబడితే నేను చెప్పింది నిజమైనట్టే. అక్కడే డీటెయిల్స్ అన్న పేజీలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే ఒక పొడుగాటి వరస వస్తుంది. అందులో వెన్ (VEN) తర్వాత ఉన్న నాలుగు అంకెలు ఎవరు తయారుచేశారో చెబుతాయి, డెవ్ (DEV) తర్వాతవి ఏ వస్తువో చెబుతాయి. 8086 అంటే ఇంటెల్, 1106 అంటే వయా. 8086 తర్వాత 24డి5 అని ఉంటే అది ఆ రోజుల్లో బాగా అమ్ముడైన 865 రకం బోర్డు, ఎసి 97 సౌండు. ఆ వరసను కాగితం మీద రాసుకోండి.

అయితే ఆ అంకెలు చెప్పేది సగం కథే. అవి బోర్డులోని పెద్ద చిప్ సంగతి చెబుతాయి. శబ్దాన్ని నిజంగా పుట్టించేది దానికి విడిగా ఉండే ఇంకో బుల్లి చిప్. దాన్ని కళ్లతో చూసి రావడమే మంచిది. వైర్లన్నీ తీసేసి, క్యాబినెట్ పక్క రేకు విప్పి, పెట్టెను పడుకోబెట్టండి. లోపల చెయ్యి పెట్టే ముందు ఒకసారి ఆ ఇనుప చట్రాన్ని పట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. ఆ మూడు రంగుల జాక్‌లు లోపలి వైపు ఎక్కడికి వస్తాయో చూసి, వాటి దగ్గర్లో వెతకండి. చిటికెన వేలి గోరంత నల్లటి చతురస్రం, నాలుగు వైపులా వైపుకు పన్నెండు చొప్పున సన్నటి కాళ్లు. దుమ్మును మెత్తటి బ్రష్‌తో తుడిచి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అక్షరాలు కనబడతాయి. పైన చిన్న పీత బొమ్మ ఉంటే అది రియల్‌టెక్ కంపెనీది. పీత పక్కన ఎఎల్‌సి 650 అనో, 655 అనో ఉంటుంది. పీత లేకుండా ఎడి అని మొదలయ్యే నంబరుంటే అది అనలాగ్ డివైసెస్ వాళ్లది, సౌండ్‌మ్యాక్స్ అంటారు. దానికి రియల్‌టెక్ డ్రైవర్ పనికిరాదు. చాలామంది ఇక్కడే పొరబడి, దొరికిన డ్రైవరల్లా వేసి చూసి, చివరికి కార్డు పోయిందని తేల్చేస్తారు. మీ ఫోనుతో ఆ చిప్‌ని ఒక ఫొటో తీసి ఉంచండి, మళ్లీ రేకు విప్పక్కర్లేదు.

పీత కనబడితే మీ పని సులువు. ఎసి 97 చిప్‌ల కోసం విస్టా, విండోస్ 7లకు పనికొచ్చే డ్రైవర్‌ని రియల్‌టెక్కే ఇచ్చింది. రియల్‌టెక్ సైటు నుంచి గానీ, మీ బోర్డు తయారుచేసిన కంపెనీ సైటు నుంచి గానీ ఇంకో కంప్యూటర్‌లో దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ మేమే వెతికి వేస్తామని చెప్పే ప్రోగ్రాముల జోలికి మాత్రం దయచేసి వెళ్లవద్దు. వాటిలో చాలావాటి వెంట అక్కర్లేనివి నాలుగు వచ్చి కూర్చుంటాయి. పెన్‌డ్రైవ్‌లోని సెటప్ నొక్కితే ఒక్కోసారి ఈ పరికరానికి కాదని మొరాయిస్తుంది. అప్పుడు ఆ జిప్‌ని ఒక ఫోల్డర్‌లోకి విప్పి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, నా కంప్యూటర్‌లోనే వెతుకుతానన్న రెండో దారి ఎంచుకోండి. జాబితాలోంచి నేనే ఎంచుకుంటానని చెప్పి, హ్యావ్ డిస్క్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. మీ విండోస్ 32 బిట్టా, 64 బిట్టా అన్నది ముందే చూసుకోండి. ఆ కాలం పెంటియం 4 కాబట్టి 32 అయివుండే అవకాశమే ఎక్కువ. ఒకసారి రీస్టార్ట్ అయ్యాక స్పీకర్ బొమ్మ మీద ఎర్ర ఇంటూ పోవాలి.

సౌండ్‌మ్యాక్స్ అని తేలితే విండోస్ 7తో కుస్తీ పట్టకండి. 2005లో ఇచ్చిన బోర్డు సీడీ అట్టపెట్టెలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఎక్స్‌పీ మళ్లీ వేయించి ఆ సీడీతో డ్రైవర్ వేసుకోవడమే మేలు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. అందుకని రెండింట్లో ఏది ఉన్నా ఇంటర్నెట్ కలపకండి. మీకు కావలసిన పనికి ఇంటర్నెట్ అవసరమే లేదు. ఫార్మాట్ అంటే మళ్లీ అన్నీ పోతాయి కాబట్టి, అందులో ఉన్న ఫొటోలు గట్రా ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

డ్రైవర్ చక్కగా పడి, ఎర్ర గుర్తు పోయి, బొమ్మలో పచ్చ గీతలు ఊగుతూ కూడా స్పీకర్‌లో శబ్దం రాకపోవచ్చు. ఇది మా ఇంట్లోనే జరిగింది. పెట్టెలో దుమ్ము బాగా పట్టిందని శుభ్రం చేయించాం, ఆ రోజు నుంచి శబ్దం లేదు. బోర్డు పోయిందన్నారు. రెండు నెలలు అలాగే వాడాం. చివరికి కారణం ఏమిటంటే, ఎసి 97 బోర్డుల మీద ముందు వైపు ఇయర్‌ఫోన్ జాక్ కోసం ఎఫ్ ఆడియో లాంటి పేరుతో చిన్న ముళ్ల వరస ఉంటుంది. ముందు జాక్‌కి వైరు కలపకపోతే, ఆ ముళ్లలో 5, 6 ఒక జతగా, 9, 10 ఒక జతగా రెండు చిన్న ప్లాస్టిక్ టోపీలు తొడిగి ఉంచాలి. శబ్దం ఆ టోపీల మీదుగానే వెనక ఆకుపచ్చ జాక్‌కి వెళుతుంది. శుభ్రం చేసినప్పుడు అవి ఊడిపోయి దుమ్ముతోపాటు బయటికి పోయాయి. పాత బోర్డు మీంచి రెండు టోపీలు తీసి తొడిగాక ఆ పెట్టె మళ్లీ మోగింది. మీ పెట్టెలో కూడా ఫార్మాట్ నాడు లోపల చెయ్యి పెట్టారేమో కనుక్కోండి.

అయినా అనుమానం తీరకపోతే ఒక పరీక్ష ఉంది. విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే లినక్స్ అనేది ఉంది. పప్పీ లినక్స్ లాంటి తేలికపాటి 32 బిట్ లినక్స్‌ని ఎవరి చేతనైనా సీడీ మీద రాయించుకోండి. దాన్ని పెట్టి ఆన్ చేస్తే హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండా సీడీ నుంచే నడుస్తుంది. లినక్స్‌కి ఎసి 97 చిప్‌లు మొదట్నుంచీ తెలుసు, రియల్‌టెక్ అయినా సౌండ్‌మ్యాక్స్ అయినా. అందులో శబ్దం వస్తే చిప్ బాగున్నట్టే, లోపం విండోస్‌ది. రాకపోతే వెంటనే నిరాశపడకుండా అందులోనే వాల్యూములు చూపే ఆల్సామిక్సర్ అనే ప్రోగ్రాము తెరిచి చూడండి, నిలువు గీతల కింద ఎమ్ఎమ్ అని ఉంటే ఆ చానెల్ నోరు మూసి ఉన్నట్టు. ఎమ్ నొక్కితే తెరుచుకుంటుంది. అక్కడ కూడా మూగగానే ఉంటే అప్పుడు చిప్ పోయిందని ఒప్పుకుందాం. అలాంటప్పుడు కూడా బోర్డు మార్చడం దండగ. బోర్డు మీది స్లాట్‌లో బిగించే, లైన్ ఇన్ ఉన్న పాత పిసిఐ సౌండ్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది బిగిస్తే చాలు. కొనేముందు దానికి మీ విండోస్ డ్రైవర్ ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డులు డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి. కానీ వాటిలో చాలావాటికి ఉండేది మైకు రంధ్రమే. క్యాసెట్ల కోసమైతే లైన్ ఇన్ అని రాసి ఉన్నదే అడగండి.

శబ్దం వచ్చాక తొందరపడి నాన్నగారి క్యాసెట్ పెట్టకండి. పద్నాలుగింటినీ ఒక బల్ల మీద పేర్చండి. క్యాసెట్‌కి టేపు కనబడే అంచుకు ఎదురుగా ఉన్న అంచులో, రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. అవి విరిచేస్తే ఆ క్యాసెట్ మీద మళ్లీ రికార్డింగ్ పడదు. పొరపాటున ఎర్ర బటన్ మీద చెయ్యి పడినా ఆయన గొంతు మీద ఇంకేదీ పడకుండా ఉంటుంది. పెన్ను మొనతో పద్నాలుగింటికీ ఈ పని ముందు చేయండి, ఇందులో వాయిదా వద్దు. హుద్‌హుద్ నాటి వానకో, ఇంకెప్పుడో తడిసి ఆరినవి ఉంటే, చుట్టిన టేపు అంచుల మీద తెల్లటి బూజు ఉందేమో కిటికీలోంచి చూడండి. ఉంటే వాటిని పక్కన పెట్టి చివరకు ఉంచండి. ఆ బూజు టేప్ రికార్డర్ హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లను కూడా పాడుచేస్తుంది. హెడ్‌ని దూదితో, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, మీకు పోయినా బాధలేని సినిమా పాటల క్యాసెట్ ఒకటి పెట్టి, టేపు చుట్టుకుపోకుండా ఆడుతోందని నమ్మకం కుదిరాకే ముందుకు వెళ్లండి.

రెండు చివర్లా 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ ఉన్న వైరు ఒకటి కావాలి. ఒక కొస టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రానికి, రెండో కొస నీలం జాక్‌కి. డెక్కు అయి లైన్ అవుట్ ఉంటే ఇంకా మంచిది. విండోస్ 7లో స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి రికార్డింగ్ డివైసెస్ తెరవండి. లైన్ ఇన్ కనబడకపోతే ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి షో డిసేబుల్డ్ డివైసెస్ మీద టిక్ పెట్టి, వచ్చిన లైన్ ఇన్‌ని ఎనేబుల్ చేయండి. ఈ ఎసి 97 బోర్డుల్లో ఇంకో చిక్కు ఉంది. స్పీకర్ల సెట్టింగ్ ఆరు అని పెడితే నీలం జాక్ లోపలికి తీసుకోవడం మాని వెనక స్పీకర్లకు శబ్దం పంపే జాక్‌గా మారిపోతుంది. రెండు స్పీకర్లే ఎంచుకోండి.

రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే ప్రోగ్రాము చాలు, ఉచితం. విండోస్ 7కి పనిచేసే పాత వెర్షన్ వేసుకోండి. ముందు క్యాసెట్‌లో నాన్నగారు బాగా గొంతెత్తిన చోటు వెతికి, అక్కడ మీటరు మైనస్ 6 దాటకుండా టేప్ రికార్డర్ వాల్యూమ్ పెట్టండి. గుంయ్‌మని మోత వినిపిస్తే టేప్ రికార్డర్‌ని కరెంటు మీద కాకుండా సెల్స్ మీద నడపండి, చాలాసార్లు పోతుంది. ఒక వైపు మొత్తం ఆపకుండా ఎక్కించి వావ్ ఫైలుగా భద్రం చేయండి. గంటకు సుమారు 600 ఎంబీ అవుతుంది. అన్నీ గంట క్యాసెట్లే అయితే పద్నాలుగూ కలిపి 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడతాయి. వైపు పూర్తయిన వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, మీ అబ్బాయి కంప్యూటర్‌లోకి ఒక కాపీ వెళ్లిపోవాలి. 2005 నాటి హార్డ్ డిస్క్‌ని నమ్ముకుని ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు. శబ్దాన్ని శుభ్రం చేయడం, ముక్కలు చేయడం కాపీల మీదే. ఎక్కించిన మొదటి ఫైలును ముట్టుకోకండి.

హరికథకు పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు గారు 1864లో పుట్టిన అజ్జాడ మీకు దగ్గరి ఊరే. ఆ దారిలో పందిరి కింద చిడతలు పట్టుకు నిలబడిన ఇంకో కథకుడి గొంతు మీ అటక మీద పద్నాలుగు పెట్టెల్లో ఉంది. ఏ కథలున్నాయో క్యాసెట్ల మీద రాసి లేకపోతే, ఎక్కించేటప్పుడు పక్కన కూర్చుని రాయండి. ఏ ఊరి సంబరమో, హార్మోనియం ఎవరిదో, మృదంగం ఎవరిదో గుర్తుపట్టగలిగింది ఇప్పుడు మీరొక్కరే కావచ్చు.

ముందు బ్యాటరీ, తర్వాత పీత. ఆ చిప్ మీద నంబరు, హార్డ్‌వేర్ ఐడీస్ వరస రెండూ కాగితం మీద రాసి మళ్లీ ఉత్తరం వేయండి. ఏ డ్రైవరో, ఎక్కడ దొరుకుతుందో మీ బోర్డుకి సరిపోయేదే చూసి చెబుతాను.